పదిహేనో వస్తువు

ఆ తుక్కు యార్డుకు ఒక రాజ్యాంగం ఉండేది. అందులో అధికరణం ఒక్కటే. గేటు దాటి లోపలికి వచ్చే వస్తువు ఏదైనా సరే, కాలు పెట్టీ పెట్టగానే ఒక సుత్తిదెబ్బ తినాలి. ఇప్పటి యజమాని తాతగారి హయాంలో నిక్షేపంలాంటి ఇస్త్రీపెట్టె ఒకటి ఉదయం తుక్కుగా లోపలికి వచ్చి, సాయంత్రం ఎవరి సంచిలోనో కూర్చుని దర్జాగా బయటికి వెళ్ళిపోయిందట. ఆ మహానుభావుడు మూడు రోజులు మౌనం పాటించి, ధర్మశాస్త్రాలు రాసినవాళ్ళకెవరికీ తట్టని సత్యాన్ని కనిపెట్టాడు: పనికొచ్చే వస్తువంటూ లేకపోతే దొంగంటూ ఉండడు. నాటినుంచి రేడియో వచ్చినా, రాజుగారి సింహాసనం వచ్చినా, గేటు పక్కనున్న ఇనుపదిమ్మ మీద దానికి తొలిదెబ్బ పడవలసిందే. దెబ్బ పడ్డాకే దానికి లోపల పౌరసత్వం.

ఈ దీక్షావిధికి ప్రధానాచార్యుడు, యార్డు పిల్లలకు పాఠాలు చెప్పే పంతులమ్మకు మరిది. యార్డంతా అతన్ని పిడుగు అనేది. పదహారు శేర్ల సుత్తిని భుజం మీద తువ్వాలులా వేసుకు తిరిగేవాడు. ఒక కన్ను లేదు; ఎప్పుడో ఒక కుట్టుమిషను చావడం ఇష్టంలేక చిన్న ముక్కను అతని కంట్లోకి పంపించి పోయింది. అతని భార్య తీగలు కాల్చి రాగి తీసేది. ఆమెకు కనుబొమలు లేవు. క్రేన్ నడిపేవాడికి కుడిచెవి లేదు. తూకందారుకు ఎడమకాలు సగమే పనిచేసేది. వస్తువులకు వర్తించే శాసనం మనుషుల దగ్గరికి వచ్చేసరికి మొహమాటపడుతుందా? అక్కడ ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళలో అన్ని అవయవాలూ అప్పజెప్పగలవాడు లేడు. యార్డులో పుట్టి, యార్డు వెనక రేకులగదుల్లో పెరిగే పిల్లలు దీన్ని ప్రకృతిధర్మమనే అనుకునేవారు. పెద్దయ్యాక పాలపళ్ళు ఊడినట్టే వేళ్ళూ ఊడతాయని పిడుగు కూతురు నట్టు తోటివాళ్ళకు బోధించింది. నట్టుకు నాలుగేళ్ళు. ఎవరూ ఖండించలేదు, ఖండించడానికి ఆధారాలు లేవు.

పంతులమ్మ పుట్టు పంతులమ్మ కాదు. మూడేళ్ళ కిందటిదాకా ఆమె కత్తెర యంత్రానికి రేకులు అందించేది. ఒక మిట్టమధ్యాహ్నం అయస్కాంతపు క్రేన్ ఎత్తిన మోటారు ఇంజను ఒకటి, కరెంటు పోవడంతో, గాలిలోనే పట్టు వదిలింది. కింద తూకందారు కూతురు, రెండేళ్ళ పిల్ల, సీసామూతలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటోంది. ఆ పిల్ల అరవలేదు, అంత వ్యవధి లేదు. అరిచింది తల్లి. ఆ అరుపుకు యాభై అడుగుల దూరంలో ఈమె తల తిప్పింది. యంత్రం తిప్పలేదు. రేకుతోపాటు కుడిచేతి మూడు వేళ్ళూ సమంగా తెగి అవతలి గంపలో పడ్డాయి.

పిల్లల సంక్షేమ కార్యాలయం వాళ్ళు వచ్చారు, కొలతలు తీసుకున్నారు, యజమానిని కూర్చోబెట్టి ఒక షరతు చెప్పారు. పనివేళల్లో పిల్లలు ఒక గదిలో, తలుపు గడియ వెనక, ఏదైనా నేర్చుకుంటూ ఉండాలి. లేకపోతే యార్డు గేటుకు తాళం పడుతుంది. మూడో ఏట పరీక్ష పెడతారు. పిల్లలు నేర్చుకుంటున్నట్టు తేలితే గది శాశ్వతం. తేలకపోతే గుర్తింపు పోతుంది, గది నడపాలన్న షరతు కూడా యజమాని మీద ఉండదు. ఆ విధంగా, రెండు చేతులతో పనిచేయలేని మనిషికీ చేతులు ఖాళీగా ఉన్న పిల్లలకూ ఒకే గదిలో చోటు దొరికింది.

అది పాత కొలిమిగది. గోడలకు నడుమెత్తు దాకా ఆకుపచ్చ రంగు, కిటికీకి జాలీ. రోజూ పొద్దున్నే ఆమె తాడుకు కట్టిన అయస్కాంతాన్ని నేలంతా ఈడ్చేది; దానికి గుప్పెడు ఇనుపరజను అంటుకునేది. ఆ తరవాతే పదకొండు మంది పిల్లలను లోపలికి రానిచ్చేది. ఏం నేర్పాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. బొమ్మల పుస్తకాలు కావాలని అడిగితే, యజమాని బావమరిది నవ్వి, తుక్కులో దొరికితే తీసుకోమన్నాడు. ఆమె ఆ మాటను అక్షరాలా పాటించింది.

గేటు దగ్గర నిలబడి, వచ్చిన వాటిలో ఇంట్లో వాడే వస్తువులు ఏరుకునేది. దిమ్మ మీద కెటిల్ పెట్టి పిడుగు సుత్తి ఎత్తి ఆగేవాడు.

"వదినా, దీనికి ఏపాటి దెబ్బ వెయ్యమంటావు?"

"నీ పెళ్ళాం నిన్ను కొట్టేపాటిది వెయ్యి."

"అమ్మో, అయితే ఇంక మూత కూడా మిగల్దు."

మరిది మొహమాటానికి దెబ్బ తేలికగానే పడేది: కెటిల్‌కు కొమ్ము మాత్రం పోయేది, కుర్చీకి ఒక కాలు పోయేది, గడియారానికి అద్దమూ ముళ్ళూ పోయేవి, బొమ్మకు తల పోయేది. గొడుగు ఊచలుగా మిగిలేది. ఆ క్షతగాత్రులను ఆమె ఒళ్ళో వేసుకుని తెచ్చి, అంచులు ఆకురాయితో అరగదీసి, గోడవార కొలువు తీర్చేది. చూడు, పట్టుకో, చెప్పు అన్నవి ఆమె విద్యాలయపు మూడు మంత్రాలు. పిల్లలు కళ్ళు మూసుకుని తడిమేవారు. కొమ్ము ఉండవలసిన చోట బొక్క తగిలితే కెటిల్. మెడ దగ్గర గరుకు తగిలితే బొమ్మ. కుర్చీనుంచి ఊడిన నాలుగో కాలు ఆమెకు చూపుడుకర్ర అయింది. దానితో ఏ వస్తువును చూపించినా పదకొండు గొంతులు ఒక్కసారి దద్దరిల్లేవి. ఒక్కసారీ తప్పు పోలేదు.

తప్పు ఆమె దగ్గర ఉంది. ఆమె చిన్నప్పుడు వేరే ఊళ్ళో, నాలుగు కాళ్ళ కుర్చీల మధ్య పెరిగింది. మూడు కాళ్ళ కుర్చీని చూసినా లేని నాలుగోది ఆమె కళ్ళకు కనబడుతూనే ఉండేది. పిల్లల ఇళ్ళలో సామానంతా యార్డుదే, అంతా తొలిదెబ్బ తిన్నదే. వాళ్ళకు ఆ నాలుగో కాలు ఏనాడూ కనబడలేదు.

ఇక బావమరిదిగారి ప్రశస్తి. యజమాని భార్యకు తమ్ముడు. యార్డంతా ఆయన్ని ఎదట అయ్యా అనీ, వెనక బామ్మర్ది అనీ పిలిచేది. చుట్టూ తుక్కు సముద్రం ఘోషిస్తుంటే మధ్యలో అద్దాల గదిలో ద్వీపంలా కూర్చునేవాడు. ఆయన దేహం ఆ ప్రాంతంలోకెల్లా వింత: పది వేళ్ళు, పది గోళ్ళు, ముప్పైరెండు పళ్ళు, రెండు కనుబొమలు. ఏదీ ఎత్తడు కనక ఏదీ పోలేదు. ఎత్తేది ఒక్కటే, మూరెడు కరెంటు కేబులు. నెల కిందట ఒక కూలివాడు దెబ్బ తినని సబ్బుపెట్టెను జేబులో వేసుకున్నాడని, అందరూ చూస్తుండగా అతని వీపు మీద ఆ కేబులుతో గీతలు గీశాడు. చొక్కా గుడ్డ గాయాల్లోకి దిగి, రాత్రి నీళ్ళు పోసి నాననిస్తేగాని ఊడిరాలేదు. ఆయన నీడ కిటికీ మీద పడితే పిల్లలు గోడకు అతుక్కుపోయేవారు. ఆయనేమిటో వాళ్ళకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

కొలిమిగది మీద ఆయన కన్ను పడింది. పాత బ్యాటరీల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆసిడ్ కారే బ్యాటరీలకు గట్టి గోడలున్న గది కావాలి. పరీక్ష ముందురోజు వచ్చి, గడపకు అవతలే నిలబడి, పంతులమ్మకు తన మనసులోని మాట చెప్పాడు. రేపు పిల్లలు నోరు తెరవకపోతే ఎల్లుండికి బ్యాటరీలు దిగుతాయని, పిల్లలను మునుపటిలాగే తల్లుల కాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చని, గాలి కూడా బాగా తగులుతుందని అన్నాడు. ఆమె చూపు ఆయన భుజం మీదుగా క్రేన్ మీదికి పోయింది. ఆ సమయానికి అది ఒక లారీ ముందుభాగాన్ని గాలిలో ఊపుతోంది.

పరీక్షాధికారిణి మర్నాడు తొమ్మిది గంటలకే వచ్చింది. పొట్టి మనిషి, కళ్ళజోడు, మడత నలగని బట్టలు. గొంతు పెంచే అలవాటు ఉన్నట్టు లేదు. ఆమె వెంట ఒక రేకుపెట్టె కార్యాలయం బండిలో నేరుగా గది గుమ్మంలో దిగింది. సర్కారు ముద్ర ఉంది కనక పిడుగు సుత్తి దానికి నమస్కారం మాత్రం పెట్టింది. ఆమె నియమావళి చదివి వినిపించింది. కొత్త వస్తువులు ఇరవై. పదిహేనింటికి పిల్లలు సొంతంగా పేర్లు చెప్పాలి. గంట వ్యవధి. ఏ వరసలోనైనా చెప్పవచ్చు, చెప్పలేనిదాన్ని మళ్ళీ ప్రయత్నించవచ్చు. పంతులమ్మ పిల్లలతో పెదవి కదపకూడదు. వస్తువును పిల్లల చేతికి ఇవ్వాలి. వారు దాన్ని నోట పెట్టుకున్నా, నేలకేసి కొట్టినా అడ్డుకోకూడదు. ఈ చివరి నియమం రాసిన పండితుడు తన ఇంట్లో చీకుడుపీక కొరికే పసివాణ్ని తలచుకుని ఉంటాడు. యార్డు సంగతి ఆయనకు తెలియదు.

నేల మీద తెల్లదుప్పటి పరిచి ఆమె ఇరవై వస్తువులనూ వరసగా పేర్చింది. అవి తళతళలాడాయి. బామ్మర్ది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చెంచా, తాళం అన్న రెండు పేర్లు వెంటనే వచ్చాయి. ఆ రెండూ సుత్తికి పెద్దగా లొంగని జాతులు. అధికారిణి నాలుగు కాళ్ళ చిన్న కుర్చీని ముందుకు జరిపింది. రేకు అనే మూడేళ్ళవాడు దాని చుట్టూ తిరిగి, కాళ్ళు లెక్కపెట్టి, కుక్క అన్నాడు. యార్డులో నాలుగు కాళ్ళతో నిలబడేది అదొక్కటే. ముడిచిన గొడుగును కర్ర అన్నారు. కెటిల్ కొమ్ము చూసి ఇద్దరు ఏడుపు ముఖం పెట్టారు. తల ఉన్న బొమ్మను స్ప్రింగు అనే పిల్ల చేతిలోకి తీసుకుని, మెడ దగ్గర తడిమి, జాలిగా చెప్పింది.

"దీని మీద ఎవరో కూచున్నారు."

గుమ్మంలో బామ్మర్ది ముప్పైరెండు పళ్ళూ ప్రదర్శనకు పెట్టాడు.

పంతులమ్మకు అప్పుడు తెలిసింది. ఎవరో చన్నీళ్ళు కుమ్మరించినట్టు, మూడేళ్ళ పాఠం ఒక్కసారి ఎదట నిలబడింది. తాను కుర్చీని నేర్పలేదు, కుర్చీ పోగొట్టుకున్నదాన్ని నేర్పింది. చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాటకు నోరు కట్టేశారు. లేని మూడు వేళ్ళూ సలపడం మొదలుపెట్టాయి. నలభై నిమిషాలు మిగిలాయి, రెండు పేర్లు వచ్చాయి. కిటికీ బయట క్రేన్ గొలుసు కిర్రుమంటోంది.

నట్టు లేచింది. గడియారాన్ని రెండు చేతులా ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. అది టిక్కుటిక్కుమంటోంది, ఆ పిల్ల ఎరిగిన గడియారాలేవీ మాట్లాడవు. చాలాసేపు ఆలోచించింది. తండ్రి కూతురు కదా, సందేహం వచ్చినప్పుడు ఏం చేయాలో రక్తంలోనే ఉంది. గడియారాన్ని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గోడకు చేరవేసిన చూపుడుకర్ర తెచ్చి, కాళ్ళు ఎడంగా పెట్టి, గాలి పీల్చి, నెత్తిమీదినుంచి దించింది. అద్దం పేలింది. ముళ్ళు వంకరపోయి ఒకటి కిటికీ దాకా ఎగిరింది. టిక్కుటిక్కు ఆగింది. ఆ పిల్ల ముఖం మీద మబ్బు విడిపోయింది.

"గడియారం," అంది.

అధికారిణి కలం క్షణకాలం గాలిలో ఆగింది. ఆమె నియమావళిలోకి చూసింది, పిల్లవైపు చూసింది, మూడు అని వేసింది.

ఆ తరవాత జరిగినదాన్ని విద్య అనాలో దండయాత్ర అనాలో నిర్ణయించడం కష్టం. పదకొండు మంది సేనానులు, సగటు ఎత్తు మూడడుగులు, ఒకే కేకతో దుప్పటి మీద పడ్డారు. ముగ్గురు కుర్చీ ఎక్కి గెంతారు. ఒక కాలు ఫెళ్ళున విరగగానే ముగ్గురూ దొర్లిపడి, పడ్డచోటునుంచే కుర్చీ అని అరిచారు. కెటిల్ కొమ్మును గడప సందులో ఇరికించి వంచి తుంచారు. బొక్కలో వేలు పెట్టి చూసుకుని, సంతృప్తిగా కెటిల్ అన్నారు. స్ప్రింగు బొమ్మను మోకాళ్ళ మధ్య బిగించి, మీద కూర్చున్నవాణ్ని మెలితిప్పి పీకి, గోడకేసి కొట్టి, మొండాన్ని గుండెలకు హత్తుకుని దాని పేరు చెప్పింది. గొడుగు బట్ట చర్రున చిరిగింది. టెలిఫోను తీగ నరంలా తెగింది. అద్దం ఏడు ముక్కలైంది. బల్బు చిన్న బాంబులా పగిలింది. బూటు నాలుక ఊడింది. పళ్ళెం వంగింది, దువ్వెన పళ్ళు రాలాయి. ప్రతి చావుకూ వెంటనే ఒక పేరు పుట్టింది.

పంతులమ్మ మాట్లాడకుండానే యుద్ధరంగమంతా తిరిగింది. గాజుముక్కల మీదినుంచి పిల్లలను చంకలో ఎత్తి అవతల దించింది. అరికాలు తెగినవాడికి తన పైగుడ్డ చించి కట్టింది. వాడు కట్టించుకుంటూనే సబ్బుపెట్టెకేసి పాకాడు. ఆమెకు భయం వేసింది. ఈ పిల్లలకు పేరు చెప్పడమంటే చంపడమని తానే నేర్పింది. అయినా మనసులో ఒక మూల, సిగ్గులేని మూల, అంకెలు లెక్కపెడుతూనే ఉంది. పదకొండు. పన్నెండు. పదమూడు. అధికారిణి రేకుపెట్టె మూతను డాలులా ముందు నిలుపుకుని, దాని వెనక కూర్చుని, ఒక్క గాజుపెంకు తగలకుండా, మారని గొంతుతో అంకెలు పలుకుతోంది. సబ్బుపెట్టె మూత ఊడింది. పద్నాలుగు.

ఇంక ఒక్కటి చాలు. ఆరు వస్తువులు మిగిలాయి.

బామ్మర్ది ఆ లెక్క పిల్లలకంటే ముందు కట్టాడు. మూడేళ్ళలో మొదటిసారి గడప దాటాడు. దుప్పటి నాలుగు కొసలూ కూడదీసి, మిగిలిన ఆరింటినీ మూటగట్టి నెత్తిమీదికి ఎత్తాడు. ఇది పరీక్షా, దోపిడీయా అన్నాడు. అధికారిణి మూటను కింద పెట్టమంది. ఆయన పెట్టలేదు. పిల్లలు చుట్టూ మూగి పైకి చూశారు. నట్టు మాత్రం పైకి చూడలేదు; తనకు అందే ఎత్తులో ఉన్నదాన్నే చూసి, కుర్చీకాలితో ఆయన మోకాటిచిప్ప మీద కొట్టింది.

ఆయన తన్నాడు. బూటుకాలు నట్టు దవడకు తగిలింది. నాలుగేళ్ళ పిల్ల ఎంత బరువుంటుంది? గాలిలో లేచి, ఆకుపచ్చ గోడకు తగిలి, జారి కూలబడింది. నోటినుంచి నెత్తురు గడ్డం మీదుగా కారింది. ఏడవలేదు. నోట్లో వేలు పెట్టి ఒక పన్ను బయటికి తీసి, దాన్ని అరచేతిలో తిప్పి చూసుకుంది.

పంతులమ్మ ఆయన మీదికి వెళ్ళింది. ఆయన ఒక చేత్తో మూట పట్టుకునే, రెండోదానితో ఆమె కుడిచెయ్యి దొరకబుచ్చుకుని, వేళ్ళు లేని మొదళ్ళను పిడికిట్లో బిగించి మెలిపెట్టాడు. ఆమె మోకాళ్ళ మీదికి వంగింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఆమెకు మాత్రమే వినబడేంత మెల్లగా, "మొత్తం పోలేదేం నీ చెయ్యి?" అన్నాడు. వంగిన ఆమె ఎడమచేతికి గోడవారనున్న పాఠం తగిలింది: మూడు కాళ్ళ కుర్చీ, మూడేళ్ళు నేర్పిన కుర్చీ. దాన్ని వెనక్కి లాగి, నడుం తిప్పి, ఉన్న బలమంతా పెట్టి ఆయన ముఖం మీదికి విసురుగా తెచ్చింది. మొదటి దెబ్బకు ముక్కు పక్కకు ఒరిగింది. రెండోదానికి పెదవి చీలి, ముందుపళ్ళు రెండు నేల మీద చప్పుడు చేశాయి. మూడోదానికి మూట జారింది. దాని మీదే ఆయన వెల్లకిలా పడ్డాడు. కింద ఆరు వస్తువులూ ఒక్కసారి కరకరమన్నాయి. పడేటప్పుడు చెయ్యి వీపు కిందికి మడతపడి, చిటికెనవేలు ఉండకూడని దిక్కుకు తిరిగింది.

చప్పుడుకు పిడుగు వచ్చాడు. ఒంటికన్నుతో కూతురి నోరు చూశాడు, నేల మీది మనిషిని చూశాడు, సుత్తి నెత్తిమీదికి లేచింది. అది దిగితే ఏమవుతుందో ఆ గదిలో అందరికంటె పిల్లలకే బాగా తెలుసు. పంతులమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పిల్లలతోనే మాట్లాడకూడదని నియమం. మరిదితో కూడదని ఎక్కడా రాయలేదు.

"పరీక్ష అవుతోంది. బయట నిలబడు."

"వదినా, లే పక్కకి."

"ఇంకొక్కటి చెప్పాలి వాళ్ళు. నువ్వు వీణ్ని చంపావంటే నీ పిల్ల రేపణ్ణించి ఆ క్రేన్ కిందే. నిలబడు."

అతను నిలబడ్డాడు. చేతుల్లో సుత్తి ఊగుతోంది. దించకుండా ఉండలేక గుమ్మపు కమ్మీ మీద దించాడు. కమ్మీ రెండుగా చీలి సున్నం రాలింది. ఆ తరవాత గోడకు ఆనుకుని, పళ్ళు కొరుకుతూ, కూతురి వైపే చూస్తూ ఉండిపోయాడు.

అధికారిణి మూత పక్కన పెట్టి లేచింది. బామ్మర్ది మూలుగుతూ ఉండగానే ఆయన్ని ఒక పక్కకు దొర్లించి మూట విప్పి చూసింది. కలిసిపోయిన పెంకులూ పొట్టూ తప్ప ఏమీ లేదు. పలకేదో కప్పేదో ఆమె కూడా చెప్పలేకపోయింది. గడియారం పగిలింది కనక చేతిగడియారం చూసుకుంది. నాలుగు నిమిషాలున్నాయి. నియమావళి పేజీలు తిప్పి, ఒకచోట వేలుంచి, ఎవరికీ కాకుండా గోడకు చదివి వినిపించింది: అడగకముందే వస్తువులు పాడైతే, పిల్లలకు అలవాటులేని మరో దాన్ని దేన్నైనా అధికారి తన ఇష్టప్రకారం చూపవచ్చు.

ఆమె గదంతా కలయజూసింది. గోడవార ఉన్నవన్నీ పాత పాఠాలు. పిల్లలకు అలవాటులేనిది, ఎన్నడూ ఆ గదిలో అడుగుపెట్టనిది, అక్కడ ఒక్కటే ఉంది. కళ్ళజోడు సవరించుకుని, కలంతో నేల మీదికి చూపింది.

"ఇదేమిటి, పిల్లలూ?"

పిల్లలు గోడకు ఇంకా అతుక్కున్నారు. ఇన్నాళ్ళూ కిటికీ మీద పడిన ఆ నీడకు పేరుందని వాళ్ళకు పంతులమ్మ ఎన్నడూ చెప్పలేదు. గోడకు ఆనిన పిడుగుకు ఏం అడుగుతున్నారో అర్థం కాలేదు. ఒక నిమిషం పోయింది. బామ్మర్ది లేవబోయి, నడుం సహకరించక, మళ్ళీ పడ్డాడు.

నట్టు గోడ దగ్గరనుంచి కదిలింది. ఒక చేతిలో తన పన్ను, ఒక చేతిలో కుర్చీకాలు. కర్రను పక్కన పెట్టి ఆయన తల దగ్గర గొంతుక్కూచుంది. నేర్పినట్టే చేసింది: చూసింది, పట్టుకుంది. ముక్కు మీద వేలు పెడితే ఆయన కేక పెట్టాడు. ఆ పిల్ల తొందరపడలేదు. చీలిన పెదవిని పైకెత్తి, పళ్ళు లేని సందులో వేలు ఉంచింది. వంకరపోయిన చిటికెనవేలు తడిమింది. అలా తడుముతుంటే ఆ పిల్ల ముఖంలోకి మెల్లగా గుర్తు వచ్చింది. తండ్రి కన్ను, తల్లి కనుబొమలు, తూకందారు కాలు, పెద్దమ్మ చెయ్యి అన్నీ అక్కడ ఉన్నాయి. తనకు బాగా తెలిసినదే ఇది.

తల ఎత్తి, నోట్లో నెత్తురు మింగి, "మనిషి," అంది.

రేకు దగ్గరికి వచ్చి చూసి ఒప్పుకున్నాడు. స్ప్రింగు కూడా ఒప్పుకుంది. అప్పటిదాకా గోడకు అతుక్కుపోయిన చిన్నవాళ్ళు భయం లేకుండా వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఒకడు ఆయన నుదురు నిమిరాడు కూడా. బామ్మర్ది కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నొప్పికో, మరెందుకో, ఆయనకే తెలియాలి.

అధికారిణి పదిహేను అని వేసి, కింద ముద్ర కొట్టి, గది శాశ్వతమని రాసింది. ఆ కాగితాన్ని పంతులమ్మ ఎడమచేతిలో పెట్టి, ఇకమీదట ఈ గదిలోకి వచ్చే వస్తువులు కార్యాలయం బండిలోనే వస్తాయని, వాటి మీద ఎవరి సుత్తీ పడదని అంది. మిగతా విషయాలకు నియమావళిలో చోటు లేదని చెప్పి, రేకుపెట్టె మూసి, దాని మీద కూర్చుని అలుపు తీర్చుకుంది. పంతులమ్మకు నవ్వు రాలేదు. గెలిచిన మాట నిజమే. ఆమె మాత్రం కాగితాన్ని బొడ్లో దోపుకుని, గాజుముక్కలు ఏరడానికి వంగింది.

నట్టుకు ఇంకా పని అయినట్టు లేదు. గదిలో తెలియనిది ఒక్కటి మిగిలింది. పెట్టె మీద కూర్చున్నదాని చుట్టూ తిరిగింది. కళ్ళు రెండు, కనుబొమలు రెండు. వేళ్ళు ఐదు, మళ్ళీ ఐదు. పళ్ళు చూద్దామని వంగింది. ఎక్కడా ఏదీ పోలేదు. ఆ పిల్ల నుదురు ముడిపడింది. రెండడుగులు వెనక్కి వేసి, కాళ్ళు ఎడంగా పెట్టి, గాలి పీల్చి, కుర్చీకాలు నెత్తిమీదికి ఎత్తింది.

పంతులమ్మ రెండంగల్లో వెళ్ళి దాన్ని వెనకనుంచి పట్టుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల పిడికిలిని ఒక్కొక్క వేలే విడదీసి, కర్రను లాక్కుంది.

"వద్దమ్మా. ఈవిణ్ని కొట్టక్కర్లేదు. పేరు నేను చెప్తా, విను."